మెల్లగా ఎత్తుకోవల్ల

వదిన ఫోన్ చేసినప్పుడు మా బస్సు సోమందేపల్లి దాటింది. ఒక చేతిలో టికెట్ మిషన్, భుజానికి సంచి, వెనకనుంచి ఎవరిదో మోచేయి వీపులో గుచ్చుకుంటోంది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి హిందూపురం–ధర్మవరం బస్సులో కండక్టర్ నిలబడడానికి కూడా జాగా దొరకదు. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఏం వదినా?" అన్నాను.

"మీ అన్న పొద్దున పోయినాడమ్మా," అంది. గొంతు మామూలుగానే ఉంది. "డ్యూటీలో ఉండావేమో. చెప్పల్ల గదా అని చేసినా."

"డ్యూటీలోనే ఉండా వదినా. ధర్మవరమే వస్తాండా."

"సరే, నింపాదిగా రా. సాయంత్రం దాంకా ఉంచుతాం."

ఫోన్ సంచిలో వేసుకున్నాను. ఎదురుగా ఉన్నామె ఆధార్ కార్డు చూపించి "పెనుకొండకు" అంది. కొట్టి ఇచ్చాను. ఆమె వెనకామెకు కొట్టి ఇచ్చాను. పెనుకొండ వచ్చేదాకా అలా కొడుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త తీరిక కావాలి. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన మనిషికి అది వెంటనే రాదు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. నేను కండక్టర్‌గా చేరిన కొత్తలో నా బస్సుకు డ్రైవర్. తర్వాత డ్యూటీలు ఎన్నిసార్లు మారినా తిరిగి తిరిగి ఆయన బస్సుకే వచ్చి పడేదాన్ని. అన్నా అని పిలిచేదాన్ని. అలా పిలవగా పిలవగా ఆయన భార్య వదిన అయింది.

డ్రైవర్ ముఖం కండక్టర్‌కు పెద్దగా తెలియదు. నాకు తెలిసింది ఆయన వీపు, మెడ మీద చెమట, పొడుగాటి చెవులు. ముఖం కావాలంటే ముందు అద్దంలో చూడాలి, అందులోనూ కనుబొమల నుంచి ముక్కు దాకా మాత్రమే. అందుకే ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, ఎడమ పాదం. సీట్లో కూర్చోగానే ఎడమ కాలి బూటు విప్పి పక్కన పెట్టేసేవాడు. కుడి కాలికి బూటు, ఎడమ కాలు ఉత్తది. ఆ ఉత్త పాదంతో క్లచ్ తొక్కేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి చీవాట్లు పెడితే తల ఊపి తొడుక్కునేవాడు. వాళ్ళు దిగిపోగానే మళ్ళీ విప్పేవాడు.

"అదేందన్నా, ఒక్క కాలే?" అని మొదట్లో అడిగాను.

"తోలు అడ్డముంటే క్లచ్ యాడ పట్టుకుంటాందో తెల్దుమ్మా," అన్నాడు. "బండి ఉరికేదాంట్లో ఏముండాది, ఎవురన్నా ఉరికిస్తారు. మెల్లగా ఎత్తుకోవల్ల. నిండు బిందె సంకకు ఎత్తుకున్నట్ల."

అదొక్కటే ఆయన నాకు చెప్పిన పాఠం. చెప్పడం ఒక్కసారి కాదు. కొత్త డ్రైవర్లకూ, ఆటోవాళ్ళకూ, లారీ పక్కన ఆపుకుని టీ తాగేవాళ్ళకూ, వినేవాళ్ళకూ విననివాళ్ళకూ చెప్పేవాడు. మెల్లగా ఎత్తుకోవల్ల. వినీ వినీ నాకే విసుగొచ్చేది.

మంచివాడని రాస్తే సరిపోదు. ముంగోపి కూడా. బస్సు కదలాలని ఎవరైనా రేకు మీద అరచేత్తో దబదబా కొడితే ఆయనకు సర్రున మండేది. ఒకసారి చెన్నేకొత్తపల్లిలో ఒకాయన అలా కొట్టాడని ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు. "ఏమప్పా, నీ ఎద్దునైనా అట్ల కొడతావా?" అని అడిగాడు. ఆ మనిషి "పొరపాటయిందిలే సామీ, పోనీ" అనేదాకా కదల్లేదు. ఫోన్లో పాటలు పెద్దగా పెట్టినవాళ్ళన్నా అంతే. హిందూపురం మనిషి కదా, కోపమొస్తే కన్నడం వచ్చేది. "సుమ్నె కూచో" అనేవాడు, నోరు మూసుకుని కూర్చోమని. నాతో కలిసి తినేవాడు కాదు. ధర్మవరంలో అందరం ఒకచోట క్యారియర్లు విప్పితే ఆయన తన ముద్ద, తన చెనిక్కాయల చట్నీ తీసుకుని బస్సులోకి పోయి, తన సీట్లోనే కూర్చుని తినేవాడు. స్టీరింగు మీద పేపరు పరిచి.

గొర్రెల మంద అడ్డమొస్తే మాత్రం హారన్ కొట్టేవాడు కాదు. చివరి గొర్రె దాటేదాకా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఊరికే చూసేవాడు.

ఆ చేతుల్లో కుడిది వణకడం నేను ముందు గమనించలేదు. వెనకనుంచి చూసేదాన్ని కాబట్టి కనపడలేదనుకుంటాను. బస్సు నిలబడి ఉన్నప్పుడు చూపుడువేలు స్టీరింగు మీద చిన్నగా తాళం వేసినట్టు కొట్టుకునేది. పాట ఏదో గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

ఒక ఉదయం పెనుకొండ నుంచి హిందూపురం వస్తున్నాం. దారిలో ఒక పల్లె దగ్గర ఆపాం. కొంతమంది దిగారు. ఒక ముసలామె ఎక్కింది. నెత్తిన గంప దించుకుని చోటు కోసం చూస్తోంది. నేను రైట్ అన్నాను. బస్సు మెల్లగా ఎత్తుకోలేదు. ఒక్కసారిగా ముందుకు దూకి, ఆగిపోయింది. నేను కమ్మీ పట్టుకుని నిలదొక్కుకున్నాను. ముసలామె పడింది. గంప ఒకవైపు, ఆమె ఒకవైపు. కింద ఆనుకున్న చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయింది.

బస్సులో అందరూ ఒకేసారి లేచారు. "ఏం డ్రైవరప్పా, తాగొచ్చినావా?" అని ఎవరో అరిచారు. ఆయన వెనక్కి తిరగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగాడు. తాళం తీశాడు. ఎడమ కాలికి బూటు తొడుక్కున్నాడు. అది తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. కాలు లోపలికి పోవడం లేదు. తర్వాత దిగి, ఇటువైపు నుంచి ఎక్కి, ముసలామె పక్కన కూర్చున్నాడు.

"రోడ్డు అట్లుండాది, నువ్వేం జేస్తావులే నాయనా," అంది ఆమె నొప్పికి పళ్ళు బిగబట్టి.

"రోడ్డు బాగుండాది అవ్వా," అన్నాడు. "నా కాలే మెల్లగా పైకి రాలేదు."

అందర్నీ వెనక వచ్చిన బస్సు ఎక్కించాను. అవ్వను ఆటోలో పెనుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముక చిట్లింది. కట్టు కట్టేటప్పుడు ఆయన బయట బెంచీ మీద కూర్చుని తన ఎడమ మోకాలిని చూసుకుంటూ ఉన్నాడు, పరాయివాడి కాలును చూసినట్టు.

"ఇంగ నేను తోలనమ్మా," అన్నాడు.

డిపోలో తోటి డ్రైవర్లు ఆయన మేలు కోరే చెప్పారు. క్లచ్ ప్లేటు పట్టేసిందని చెప్పు, బండి పాతదే కదా, ఎవరూ కాదనరు, రెండు రోజులు కూర్చోబెట్టి మళ్ళీ ఇస్తారు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "ప్లేటు బాగుండాది. నేనే జబ్బుమనిషినైనా. బండి మీదికి యెట్ల తోసేది?" అని లోపలికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చాడు. బెంగళూరులో డాక్టర్లు చూసి అది వణుకుజబ్బు అన్నారు. పెరిగేదే గానీ తగ్గేది కాదన్నారు. సర్వీసు మిగిలిన కాలం ఆయన్ని డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నేను బస్సెక్కి బయటికి వచ్చేటప్పుడు చూసేదాన్ని. కళ్ళు మూసుకుని ఉండేవాడు. ప్రతి బస్సు గేట్లో ఆగి మళ్ళీ కదిలే చప్పుడు వింటూ, కొన్నిటికి తల అడ్డంగా ఊపుతూ.

ఆ అవ్వ దగ్గరికి కొన్నిసార్లు పోయాడు. ఒకసారి నన్నూ రమ్మన్నాడు. కట్టు విప్పేశారు గానీ చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆయన తెచ్చిన పండ్లు ఆమె పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆమే మాట్లాడింది.

"సూడు నాయనా. నువ్వు మంచోనివే. కానీ ఇంగ రావద్దు. సంకటి కెలకను కోడలుండాది, నాకేం తక్కువ లేదు. నువ్వొచ్చి ఇట్ల కూసుంటే మాత్రం నాకు పడిందే గుర్తుకొస్తాది."

తిట్టినా అంత తగిలేది కాదేమో. సరే అవ్వా అని లేచాడు. మళ్ళీ పోలేదు.

ఆయన ఇంట్లో నేనొక చిన్న కారు చూసింది ఆ తర్వాతే. పదవీ విరమణ అయిపోయింది. హిందూపురం బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అంగట్లో ఎవరో అమ్మకానికి పెట్టి పోతే కొనుక్కొచ్చాడట. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మ కాదది. మూరెడు పొడుగు, మెత్తని గుబ్బల టైర్లు, లోపల మోటారు, స్ప్రింగులు, పళ్ళచక్రాలు, అన్నీ నిజం బండికి ఉన్నట్టే. చేతిలో పట్టుకునే రిమోట్‌కు తుపాకీకి ఉన్నట్టు ఒక మీట, దాని పక్కన చిన్న చక్రం. మీట నొక్కితే పరుగు, చక్రం తిప్పితే మలుపు.

"ఏందయ్యా ఇది?" అని వదిన అడిగిందట.

"బండి."

"ఎవురికి?"

"నాకే."

వాళ్ళ ఇంటి వెనక ఒక వెంచర్ ఉంది. మట్టి రోడ్లు వేసి, ప్లాట్లకు తెల్లరాళ్ళు పాతి, ఇళ్ళు లేకుండా వదిలేశారు. మధ్యలో తుమ్మచెట్లు మొలిచాయి. అక్కడికి ఆ కారును సంచిలో పెట్టుకుని పోయేవాడు. నా సెలవు రోజు నేనూ పోయి ఒక రాయి మీద కూర్చునేదాన్ని. నాకు ఆ కారు మీద ఏ ఆసక్తీ లేదు. వారమంతా నిలబడినదాన్ని, కూర్చోవడానికి ఒక చోటు దొరికింది, అంతే.

మొదటి రోజే కారు పళ్ళు ఊడాయి. మీట కొంచెంగా నొక్కాలనుకుంటే ఆయన వేలు వణికి మొత్తం నొక్కేసేది. మోటారు ఒక్కసారిగా లాగేది. లోపలి పెద్ద పళ్ళచక్రం ప్లాస్టిక్‌ది, ఆ దెబ్బకు దాని పళ్ళు రాలిపోయేవి. మోటారు అరుస్తుంది, కారు కదలదు. "నా నోరు మాదిరే అయిందిమ్మా దీని నోరు" అన్నాడు, తన ముందుపళ్ళ సందు చూపించి. అంగడివాడు బెంగళూరు నుంచి ఇంకో చక్రం తెప్పించాడు. అదీ పోయింది. అప్పుడు వాడే చెప్పాడట, దీంట్లో స్లిప్పర్ క్లచ్ అని ఒకటుంటుంది, దాన్ని సరిచేసుకో పెద్దాయనా, అని.

"స్లిప్పర్ అంటే చెప్పు గదా?" అని వదిన నవ్వింది. "కారుకు చెప్పులేంది? నువ్వే బస్సులో ఒక కాలుది ఇడిసిపెట్టి తోలినోనివి." ఆరోజు నుంచి ఆమెకు అది చెప్పు బండి.

స్లిప్పర్ అంటే చెప్పు కాదు, జారేది అని. ఆ పెద్ద పళ్ళచక్రాన్ని రెండు వైపులా బిళ్ళలు అదిమి పట్టుకుని ఉంటాయి. బిళ్ళకూ చక్రానికీ మధ్య ప్యాడ్లు. బిళ్ళల్ని ఒక స్ప్రింగు నొక్కుతుంది, స్ప్రింగును ఒక నట్టు నొక్కుతుంది. నట్టు పూర్తిగా బిగిస్తే మోటారు ఎంత జోరుగా లాగితే అంత జోరూ టైర్లకు పోతుంది. కాస్త వదిలితే, మోటారు ఎగిరిపడినా పళ్ళచక్రం ప్యాడ్ల మధ్య కొంచెం జారి, ఆ అదురును అక్కడే మింగేస్తుంది. కారు మెత్తగా కదులుతుంది. ఆయన ఇది చెబుతున్నప్పుడు గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త ప్రాణం కనపడింది.

సరిచేసే పద్ధతి కూడా చూశాను. ముందు నట్టు చివరిదాకా బిగించి, తర్వాత కొంచెం వదిలి, కారును నేల మీద పెట్టి మీట నొక్కేవాడు. చెవి అటు పెట్టేవాడు. కదిలేటప్పుడు కుయ్‌మని సన్నగా చప్పుడు రావాలి, కారు జానెడు, మూరెడు పోయేలోపు ఆ చప్పుడు ఆగిపోవాలి. అసలు రాకుంటే బిగువు ఎక్కువ. ఆగకుండా వస్తూనే ఉంటే వదులు ఎక్కువ, లోపల కాలిపోతోందన్నమాట. కాసేపు తోలాక ఆ చక్రం మూత మీద మునివేళ్ళ వెనక భాగంతో తాకి చూసేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు.

కానీ ఆయన దాన్ని అందరిలా తోలలేదు. పరుగెత్తించలేదు, మలుపుల్లో తిప్పలేదు. కారు పైన ఒక అగ్గిపెట్టెను నిలువుగా నిలబెట్టేవాడు. కారును తెల్లరాయి దగ్గర పెట్టి కదిలించేవాడు. తర్వాతి రాయి దగ్గర ఆపేవాడు. మళ్ళీ కదిలించేవాడు. అగ్గిపెట్టె పడితే పోయి తీసుకుని, నట్టు ఒక వెంట్రుకవాసి వదిలి, మళ్ళీ మొదటి రాయి నుంచి. ఎండ ఎక్కేదాకా అదే పని. చూసేవాళ్ళకు పిచ్చి అనిపించేది. నాకూ అనిపించింది.

"ఇంత జాగా ఉండాది గదన్నా. ఒక్కసారి జోరుగా పోనీ," అన్నాను.

"పోయి ఏం జేసేదిమ్మా?" అన్నాడు. కారు వైపే చూస్తూ, "నిలబడినోళ్ళు పడకూడదు," అన్నాడు.



మెత్తగా కదలాలంటే జారాలి. జారితే ప్యాడ్లు అరుగుతాయి, వేడికి గాజుపెంకులా నున్నగా మెరుస్తాయి. అప్పుడు మరీ జారుతాయి. అందుకని తోలిన ప్రతి రోజూ మధ్యాహ్నం దాన్ని విప్పేవాడు. వరండాలో బండ మీద సన్న ఎమెరీ కాగితం పరిచి, ప్యాడ్‌ను దాని మీద మెల్లగా గుండ్రంగా రుద్దేవాడు. ఆ మెరుపు పోయి ప్యాడ్ మసకగా, గరుకుగా అయ్యేదాకా. బిళ్ళల్ని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచేవాడు. వాటిని వేలితో తాకనిచ్చేవాడు కాదు. "వేలి జిడ్డు తగిల్నా తేడా వస్తాది" అనేవాడు. స్ప్రింగు మెత్తబడిందేమో నొక్కి చూసేవాడు. నట్టు తనంతట తాను వదులవుతోందంటే లోపలి నైలాన్ అరిగిందని పారేసి కొత్తది వేసేవాడు. ఆ వణికే చేతులతో ఇవన్నీ చేయడానికి మధ్యాహ్నమంతా పట్టేది. చిన్న నట్టు జారి దొర్లిపోతే వదిన పొరక తెచ్చి వరండా అంతా చిమ్మి వెతికేది. వెతుకుతూ తిట్టేది.

వణుకుకు వేసుకునే మాత్ర పనిచేస్తున్నంతసేపు ఆయనది ఒక చెయ్యి, మాత్ర దిగిపోయాక ఇంకో చెయ్యి. ఉదయం సరిపోయిన నట్టు మధ్యాహ్నానికి సరిపోదు. అప్పటికింకా వదలాలి. నెలలు గడిచేకొద్దీ అలా వదులుతూ వదులుతూ వచ్చాడు. చివరికి ఆ కారు చిన్న మిట్ట కూడా ఎక్కలేకపోయేది. మోటారు కుయ్యోమని ఏడుస్తూ ఉంటుంది, టైర్లు కదలవు, ప్లాస్టిక్ కాలిన వాసన. అయినా బిగించడు. బిగిస్తే అగ్గిపెట్టె పడుతుంది.

వదిన సంగతి చెప్పాలి. బక్కపలచని మనిషి. ఆయన చొక్కా గుండీలు ఆమె పెట్టాలి, ముద్ద ఆమె కలిపి ఇవ్వాలి, మంచం మీద పక్కకు తిప్పాలన్నా ఆమే. పగలు ఎప్పుడు చూసినా గోడకు ఆనుకునే మాట్లాడేది. ఒక మధ్యాహ్నం ఆయన ఎంతకూ ఇంటికి రాలేదని వెంచర్లోకి పోతే, కారు పక్కన బోర్లా పడి ఉన్నాడు. వంగి తీయబోయి పడిపోయి, లేవలేక, ఆ ఎండలో అలాగే ఉండిపోయాడు. చెంప గీరుకుపోయింది. ఎవరినో పిలుచుకుని లేపి తెచ్చింది. ఆ కారును తీసుకుపోయి బీరువా పైన, పాత సూట్‌కేసు వెనక పెట్టేసింది.

ఆయన అడగలేదు. అదే కష్టమైంది. అడిగి ఉంటే పోట్లాడేది.

తర్వాతి సెలవుకు నేను పోయేసరికి ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆ జబ్బు ముఖాన్ని కూడా బిగించేస్తుంది. నవ్వు, కోపం, ఏదీ పైకి రావడం లేదు. గొంతు కూడా లోపలికి పోయింది. దగ్గరికి వంగితే గానీ వినపడదు. ఒడిలో పెట్టుకున్న కుడి చెయ్యి మాత్రం ఆగడం లేదు. చూపుడువేలు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ ఏలు సూసినావా? మీట నొక్కినట్లే లేదూ? కారు ఇయ్యమని అడుగుతాండాడా, జబ్బుకు వణుకుతాండాదా? నాకు తెలీడంల్యా. పొద్దస్తమానం అదే సూసి సూసి నాకు పిచ్చి పడతాండాది."

"డాక్టర్ను అడగలేదా వదినా?"

"జబ్బే అన్నాడు డాక్టరు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అతనికేం తెల్సు. కాపురం చేసింది నేను."

కుర్చీ వేసుకుని బీరువా మీద నుంచి ఆ కారును దించింది. దుమ్ము దులిపి, వరండాలోకి తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టింది. తానూ కింద కూర్చుంది. డబ్బాలోంచి చిన్న పానా తీసింది.

"ఊ, చెప్పు. యాడ తిప్పల్ల?"

ఆయన ఆమెను చూశాడు. కారును చూశాడు. ఏదో అన్నాడు. వినపడలేదు. ఆమె చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మూత తీయమంటాండాడు," అని నాకు చెప్పింది.

తీసింది. మళ్ళీ చెవి పెట్టింది. విప్పింది. చక్రం, బిళ్ళలు, ప్యాడ్లు వరసగా గుడ్డ మీద పెట్టింది. ఒక బిళ్ళను వేలితో పట్టుకోబోతే ఆయన చెయ్యి గబుక్కున లేచింది. "తాకకూడదా? సర్లే, తాకనులే," అని గుడ్డతో పట్టుకుంది. ఆయన ఒక్కొక్క మాట అనడం, ఆమె పైకి అనుకుంటూ చేయడం. "గుండ్రంగా రుద్దల్ల... మెరుపు పోయేదాంకా... ఇంగా మెరస్తాండాదే... ఇప్పుడు సాలా?" ఉప్మాకు రవ్వ వేయించేటప్పుడు కూడా ఆమె అంత ఓపికగా ఉండగా నేను చూడలేదు. అన్నీ మళ్ళీ బిగించి, నట్టు చివరిదాకా తిప్పింది.

"ఇప్పుడు ఎంత ఇడిసిపెట్టల్ల?"

ఆయన రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇచ్చింది. వరండాలోనే, ఆ బండల మీదే కారు పెట్టింది, పైన అగ్గిపెట్టె నిలబెట్టింది. ఆయన వేలు నొక్కింది. కారు ఎగిరి గోడకు తగిలింది, అగ్గిపెట్టె ఎటో పోయింది. ఆమె నట్టు కాస్త వదిలింది. మళ్ళీ పడింది. ఇంకాస్త వదిలింది. ఆయన వేలు ఎంత ఎగిరితే నట్టు అంత వదలాలి. ఆ లెక్క ఆయన చెప్పనవసరం లేకపోయింది. ఆ చెయ్యి ఎప్పుడు ఎంత వణుకుతుందో ఆమెకన్నా ఎవరికి తెలుసు, రోజూ దానికి గ్లాసు అందించే మనిషి. కుయ్‌మని సన్నగా చప్పుడు వచ్చి, కారు వరండా చివరిదాకా మెల్లగా పోయింది. అగ్గిపెట్టె అలాగే నిలబడి ఉంది.

ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. "ఆయ్తు," అన్నాడు కన్నడంలో, అయిందని. ఆ ఒక్క మాట నాకూ వినపడింది.

వదిన పానా కింద పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

వదిన ఫోన్ చేసిన ఆ రోజు, ధర్మవరంలో బస్సు ఖాళీ అయ్యాక, తిరుగు ప్రయాణానికి ఉన్న కాసేపట్లో వాళ్ళ ఇంటికి పోయి వచ్చాను. వదిన తమ్ముడి ఇల్లు. వాళ్ళు నేసే చీరల మగ్గాలు ఆపేశారు. ఆయన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. దాని గురించి రాయను. అలా పడుకోబెట్టినప్పుడు ఎవరి ముఖమైనా ఒకటే. నేను చెప్పాలనుకున్నది ఆయన చివరిసారి నా బస్సెక్కిన రోజు.

ఆయన్ని ఒక్కతే లేపలేక, వదిన తన తమ్ముడి దగ్గరికి ధర్మవరం తీసుకుపోవాలనుకుంది. ఇద్దరు మగవాళ్ళుంటారు, చెయ్యేస్తారు అని. హిందూపురంలో మా బస్సే ఎక్కారు. డ్రైవర్ వెనక సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాను. ఆయన కిటికీ పక్క, ఆమె ఇటు పక్క, ఆమె ఒడిలో సంచి. సంచిలోంచి ఆ గుబ్బల టైరు కనపడుతోంది.

"దాన్నీ తీసుకుపోతాండావా వదినా?"

"ఇడిసిపెట్టి యెట్ల పోయేది?" అంది. ఆయనకు వినపడకుండా గొంతు తగ్గించింది. "మొన్న మీ అన్నే చెప్పినాడమ్మా, ఇంగ నా ఏలు నొక్కల్యాదు, నట్టు బిగించి నువ్వు తోలుకో, నీ చెయ్యి నిలకడగా ఉండాది గదా అని. నేను బిగించలా. ఆయప్ప చేతికి ఎట్ల పెట్టినానో అట్లే ఉండాది. మిట్ట ఎక్కకుంటే మానె."

నేను టికెట్లకు పోయాను. ఆరోజు కూడా జనం బాగా ఉన్నారు. ప్రతి ఊళ్ళో ఆగడం, కదలడం. డ్రైవర్ కొత్తగా వచ్చినవాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. వెనక కూర్చున్నది ఎవరో అతనికి నేను చెప్పలేదు. చెబితే కంగారుపడతాడని. నాకే కంగారుగా ఉంది. ప్రతి స్టేజీలో రైట్ అనేటప్పుడు అన్న వైపు చూసేదాన్ని. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని తల అడ్డంగా ఊపిన మనిషి, ఇప్పుడు ఏమంటాడో అని. డ్రైవర్లు ఇంకొకరు తోలే బండిలో స్థిమితంగా కూర్చోలేరు. అక్కడ బ్రేకు లేకపోయినా వాళ్ళ కాలు తొక్కుతూనే ఉంటుంది. ఆయన సెలవులో పెళ్ళికో చావుకో పోతూ నా బస్సెక్కినా, దారి పొడవునా కళ్ళు రోడ్డు మీదే పెట్టి, దిగేసరికి నీరసపడిపోయేవాడు. ఆ దారిలో ఆయన కన్ను మూయగా నేనెప్పుడూ చూడలేదు.

పెనుకొండలో చాలామంది దిగారు, అంతకన్నా ఎక్కువమంది ఎక్కారు. తోసుకుంటూ ముందుకు వచ్చి చూస్తే ఆయన తల వదిన భుజం మీద ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. గబుక్కున వంగి చూశాను. వదిన నా ముఖం చూసి తల ఊపింది. "నిద్రపోతాండాడు," అంది పెదాలతోనే. ఒడిలోని ఆ చెయ్యి కూడా ఆగిపోయి ఉంది. నిద్రలో ఆ వణుకు ఉండదట. ఆమె కదలకుండా, భుజం దించకుండా, సంచి జారుతున్నా సర్దుకోకుండా కూర్చుంది.

చెన్నేకొత్తపల్లి వచ్చింది, పోయింది. ధర్మవరం వచ్చింది. రోజూ దిగండి దిగండి అని అరిచేదాన్ని, ఆరోజు తలుపు దగ్గర నిలబడి చేత్తోనే సైగ చేశాను. బస్సంతా ఖాళీ అయింది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దానికే ఆయనకు మెలకువ వచ్చినట్టుంది. కళ్ళు తెరిచి, కిటికీలోంచి బస్టాండు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఏదో అన్నాడు. వదిన చెవి దగ్గర పెట్టింది.

"పెనుకొండ యాడ అని అడుగుతాండాడు."

"ఎప్పుడో దాటినామన్నా. ధర్మవరం వచ్చేసినాం," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. మెల్లగా తల తిప్పి స్టీరింగు వైపు చూశాడు. ఆ పిల్లవాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఈసారి వదిన వంగనక్కర్లేకపోయింది. గొంతు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో, మా ముగ్గురికీ వినపడేట్టే అన్నాడు.

"బాగ తోలినావప్పా. నేను నిద్రపోయినా సూడు."